యాభై పౌండ్లతో పాటు వచ్చిన సందేహం

జార్జ్ ఎలియట్ పేరు ఎత్తితే స్త్రీవిద్యకు అండగా నిలిచిన రచయిత్రి అని పొగుడుతుంటాం. ఆమె ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఆ కీర్తిలో సగమైనా ఆడపిల్లల చదువు కోసం పోరాడిన ఎమిలీ డేవిస్‌కు దక్కాలనిపిస్తుంది.

ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ స్థాయి కళాశాల పెట్టాలని డేవిస్, ఆమె సహచరి బార్బరా బోడిషాన్ పూనుకున్నప్పుడు, మెరుగైన చదువు విషయంలో తనకు ఏ సంశయమూ లేదని 1867లో ఎలియట్ బోడిషాన్‌కు రాశారు. మరుసటి ఏడాది ‘రొమోలా రచయిత నుంచి’ అంటూ 50 పౌండ్లు పంపారు. ఆ ఒక్క నవలకే ఆమెకు ముట్టింది 7,000 పౌండ్లు. బోడిషాన్ ఇచ్చిన విరాళం 1,000. పేరు దాచుకున్నందుకు మాత్రం నేను తప్పుపట్టను. భార్య ఉన్న రచయిత జార్జ్ హెన్రీ లూయిస్‌తో పెళ్ళి కాకుండా కాపురం చేస్తున్న ఆమె పేరు బయటపడితే నింద కళాశాలకే చుట్టుకునేది.

నాకు మింగుడుపడనిది 1868 ఆగస్టులో ఆమె డేవిస్‌కు రాసిన ఉత్తరం. స్త్రీలోని మార్దవం, మాతృత్వపు వాత్సల్యం చదువు వల్ల చెదరకూడదన్న బెంగ అందులో ఉంది. స్త్రీపురుషుల మధ్య నిజమైన సామరస్యం కుదరాలంటే మగవాళ్ళకు అందిన జ్ఞానమంతా స్త్రీలకూ అందాలని ఆ మరుసటి ఏడాది మరో స్నేహితురాలికి రాసిందీ ఆమే. ఇంత స్పష్టంగా ఆలోచించగలిగిన మనిషికి ఆ బెంగ ఎందుకు?

డేవిస్‌కు అలాంటి ఊగిసలాట లేదు. ఆడవాళ్ళకు వేరే పరీక్షలు పెడదామని మేలుకోరేవాళ్ళే చెప్పినా ఒప్పుకోలేదు. వేరే పరీక్ష పెడితే అది తక్కువ పరీక్షే అవుతుందని ఆమెకు తెలుసు. 1869 అక్టోబరులో హిచిన్‌లో అయిదుగురితో మొదలైన ఆ కళాశాల 1873లో కేంబ్రిడ్జి దగ్గరి గర్టన్‌కు మారింది. అయినా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు పట్టా ఇవ్వలేదు. 1890లో కేంబ్రిడ్జిలోని మరో మహిళా కళాశాల న్యూన్‌హామ్ విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ గణితంలో మగవాళ్ళందరినీ మించినా ఇవ్వలేదు. 1897లో ఆడవాళ్ళకు పట్టాలివ్వాలన్న ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో ఓడించారు. సైకిలెక్కిన ఆడబొమ్మను విశ్వవిద్యాలయ భవనం సెనెట్ హౌస్ ఎదుట ఎగతాళిగా వేలాడదీశారు. 1921 జులైలో డేవిస్ కన్నుమూశారు. అక్టోబరులో ఆ ప్రతిపాదనను మళ్ళీ ఓడించారు; న్యూన్‌హామ్ ద్వారాలను మగ విద్యార్థులు ధ్వంసం చేశారు. పూర్తి పట్టాలు దక్కింది 1948లో. కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బి.ఎ. పట్టా పుచ్చుకుని అప్పటికి 65 ఏళ్ళు.

ఎలియట్ బెంగ బ్రిటన్‌లోని మన తెలుగు ఇళ్ళలోనూ వినిపిస్తూనే ఉంది. అమ్మాయి మెడిసిన్ చదవాలి, అణకువ పోకూడదు, సంబంధాలకు ఆలస్యం కాకూడదు. అబ్బాయికి ఈ షరతులు ఎవరూ పెట్టరు. విద్యార్థి పురస్కారాల వేదిక మీద అబ్బాయి గురించి మార్కులు, పరిశోధన చెప్పి, అమ్మాయి గురించి ‘ఇంటిపనిలోనూ ముందుంటుంది’ అని చేర్చే పరిచయాలను ఈ ఏడాది నుంచే మన సంఘం ఆపేయాలి.