పార్టీ లేని రచయితకు అండ ఎవరు?

పార్టీ కోసం రాసేవారిని పార్టీ చూసుకుంటుంది. కేసు పడితే లీగల్ సెల్ లాయర్లు స్టేషన్‌కు పరుగెత్తుతారు. బెయిలొస్తే జైలు గేటు దగ్గర దండలు వేస్తారు. ఏ జెండా పట్టుకోకుండా తనకు తోచింది రాసేవారి సంగతి వేరు. ప్రభుత్వాన్ని విమర్శిస్తే ప్రతిపక్షం మనిషన్న ముద్ర, మర్నాడు ప్రతిపక్షాన్ని తప్పుపడితే అమ్ముడుపోయాడన్న నింద. నోటీసు వచ్చిన రోజు మాత్రం ఆ గడప ఎవరూ తొక్కరు. విజయవాడలోనూ, గుంటూరులోనూ స్వతంత్రంగా రాసేవారి కోసమే ఈ మాట రాస్తున్నాం.

రాతకు శిక్ష ఈ గడ్డకు కొత్త కాదు. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కేసులో జైలుపాలయ్యారు. గుంటూరులో శారదా నికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది పరాయి పాలన. కానీ 1971లో దిగంబర కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద లోపల వేసింది మనం ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వమే.

ఇప్పుడు జైలుదాకా కూడా వెళ్లక్కర్లేదు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక రచయిత రాసిన ఒకే పోస్టు మీద మూడు దూరపు జిల్లాల్లో ఫిర్యాదులు పడ్డాయనుకుందాం. ప్రతి స్టేషన్‌కూ వెళ్లి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవాలి. ఉద్యోగానికి సెలవు పెట్టాలి, లాయరు ఫీజు కట్టుకోవాలి. ఫోన్ లాక్కుంటే అందులో ఉండేది ఆ పోస్టు ఒక్కటే కాదు. పిల్లల ఫొటోలు, బ్యాంకు లావాదేవీలు, తనను నమ్మి సమాచారం ఇచ్చినవారి నంబర్లు అన్నీ పరుల చేతికి పోతాయి. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ‘మనకెందుకు ఈ రాతలు’ అని ఇంట్లోవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారంటే ఫిర్యాదు చేసినవారి పని అయిపోయినట్టే. రెండేళ్లకు కోర్టు కేసు కొట్టేసినా, ఆ చెయ్యి మళ్లీ అంత ధైర్యంగా రాయదు. అది చూసినవారిలో ఎందరో అసలు రాయడమే మానేస్తారు.

2020లో విశాఖ గ్యాస్ లీకేజీపై పోస్టు పెట్టినందుకు అరవై దాటిన గుంటూరు మహిళకు సీఐడీ నోటీసిచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివర్లో సోషల్ మీడియా పోస్టులపై వరుసగా కేసులు పెట్టి, కొన్నింటిలో భారతీయ న్యాయ సంహితలోని వ్యవస్థీకృత నేరాల సెక్షన్ 111 కూడా చేర్చారు. మొదటిదాన్ని ఖండించినవారు రెండోదాన్ని సమర్థించారు. మొదటిదాన్ని సమర్థించినవారు ఇప్పుడు భావప్రకటన స్వేచ్ఛ కావాలంటున్నారు. అధికారంలో ఉన్నప్పుడు ఇద్దరూ తప్పే చేశారు.

మహిళల ఫొటోలు మార్ఫింగ్ చేయడం, నాయకుల ఇంట్లో ఆడపిల్లలను బూతులు తిట్టడం, చంపుతామని బెదిరించడం భిన్నాభిప్రాయం కాదు. వాటిపై కేసు పెట్టాల్సిందే, ఏ పార్టీవారైనా సరే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే ఎందుకు మునిగిందని అడిగినవారినీ, రాజధాని భూముల లెక్క అడిగినవారినీ ఆ బూతురాయుళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

చట్టంలో అస్పష్టత ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా పోలీసులు వాడుతూనే ఉంటే 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఒక కవితపై గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చిలో రద్దు చేస్తూ, మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే ఇలాంటి ఆరోపణలపై ముందు ప్రాథమిక విచారణ జరపడమే తగినదని చెప్పింది. సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ విధించవద్దని మన హైకోర్టు కూడా అదే ఏడాది మేజిస్ట్రేట్లకు గుర్తుచేసింది.

విజయవాడ పోలీస్ కమిషనర్, గుంటూరు ఎస్పీ ఈ తీర్పులను ప్రతి స్టేషన్‌లో అమలు చేయించాలి, ఉల్లంఘించిన అధికారి మీద చర్య తీసుకోవాలి. రెండు నగరాల న్యాయవాదులు పార్టీ అండ లేని రచయితల కోసం ఫీజు అడగకుండా నిలబడాలి. విమర్శ నచ్చని నాయకులు జవాబు రాసి పంపితే అచ్చు వేస్తాం. రాతకు నోటీసు అందుకున్నవారు ఏ అభిప్రాయం వారైనా, ఈ పత్రికను తిట్టినవారైనా, మాకు తెలియజేస్తే వార్త రాస్తాం, కేసు తేలేదాకా వెంట ఉంటాం.