పచ్చడి సీసాపై ఆ 14 అంకెలు

వీడియో చూసి, వాట్సాప్‌లో చిరునామా పెట్టి, యూపీఐలో డబ్బు కొడితే నాలుగు రోజుల్లో కిలో చికెన్ పచ్చడి గుమ్మంలో ఉంటోంది. ఈ అమ్మకాల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల కష్టం. కారం దంచి, మాగాయ ఎండబెట్టి వాళ్లు సంపాదించుకునే నాలుగు రాళ్లకు ఎవరూ అడ్డుపడకూడదు. అయితే సీసా మీద ఒక ఫోన్ నంబరు తప్ప మరేమీ లేకుండా తిండి అమ్మడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఇంటి వంటను వదిలిపెట్టలేదు. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్, పెద్దవారికి లైసెన్సు, అందరి సరుకూ అమ్మిపెట్టే ఆన్‌లైన్ వేదికలకు కేంద్ర లైసెన్సు తప్పనిసరి. రిజిస్ట్రేషన్‌కు కేంద్ర ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) వారి ఫోస్కాస్ పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డు, వంట చేసే చోటి వివరాలు ఇస్తే సరిపోతుంది. 2011 నిబంధనలు దీనికి పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. వచ్చే నంబరులో 14 అంకెలుంటాయి. మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండూ రాష్ట్రాన్ని, ఆపై రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. అదే పోర్టల్‌లో నంబరు కొట్టి చూస్తే అది ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తేలిపోతుంది. నంబరు ఉన్నంత మాత్రాన పచ్చడి మంచిదని కాదు. తేడా వస్తే నిలదీయడానికి ఒక మనిషి, ఒక చిరునామా ఉన్నట్టు.

అసలు భయం మాంసం పచ్చళ్లతోనే. ఆవకాయ చెడితే బూజు కనిపిస్తుంది, వాసన పట్టిస్తుంది. చికెన్, రొయ్యల పచ్చళ్లు అలా చెప్పవు. ముక్క పైన ఎర్రగా వేగి లోపల తేమ మిగిలిపోతుంది, నిమ్మరసం లోపలిదాకా దిగదు, పైన నిలిచిన నూనె గాలి సోకనివ్వదు. గాలి ఆడని, పులుపు చాలని ఆ తేమలోనే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే విషం చిమ్మే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు మామూలు ఉడుకుకు చావవు. విషం తయారైనా రుచి మారకపోవచ్చు.

పులుపును చెప్పే కొలత పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది). అది 4.6కు మించకపోతే ఆ బ్యాక్టీరియా పెరగదు. కాబట్టి అమ్మేవారు ప్రతి విడతా కొలవాలి. కాగితపు పట్టీలు ఇక్కడ పనికిరావు, కారం ఎరుపు అంటి రంగు తెలియదు. డిజిటల్ మీటరు కొనాలి. కలిపిన వెంటనే కాకుండా పులుపు ముక్కకు పట్టాక, నూనె వంచేసి, ముక్కలను మాత్రమే కాసిన్ని డిస్టిల్డ్ నీళ్లతో మెత్తగా రుబ్బి చూడాలి. పైనున్న గుజ్జును కొలిస్తే మోసపోతారు, పులుపంతా అక్కడే ఉంటుంది. అంత పులుపు వద్దనుకుని గట్టిగా వేయించడాన్నే నమ్ముకునేవారు ల్యాబ్‌లో వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులు వాడుకోగల తేమ ఎంతో చెప్పే కొలత) పరీక్ష చేయించనిదే అమ్మకూడదు. ఇక ఏ పచ్చడైనా చల్లారకముందే మూత బిగిస్తే ఆవిరి నీటిబొట్టై జారి, నూనె మీద బూజుకు చోటిస్తుంది.

లేబుల్‌పై పదార్థాలను ఎక్కువ వేసినదాని నుంచి తక్కువ వేసినదాని వరకు వరుసగా రాయాలి. ‘నూనె’ అంటే చాలదు, ఏ నూనో చెప్పాలి. వేరుశనగ, రొయ్య పడని వారికి అది ప్రాణాల మీది సంగతి. నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, చిరునామా ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం. ‘సహజం’, ‘స్వచ్ఛం’ వంటి మాటలకూ 2018 నిబంధనలు షరతులు పెట్టాయి.

కొనేవారు డబ్బు పంపకముందే నంబరు అడగాలి. బిల్లు మీద కూడా అది ఉండాలని 2022 జనవరి నుంచి నిబంధన. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. మూత ఉబ్బినా, తీయగానే బుస్సుమన్నా, నూనెలో బుడగలు లేచినా నాలుక మీద కూడా పెట్టొద్దు. సీసా పారేయకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి. ఆన్‌లైన్ వేదికలో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి.

కొన్న సరుకును రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు చట్టంలోని 40వ సెక్షన్ మనకిచ్చింది. కానీ పరీక్షకు పంపుతున్నట్టు కొనేటప్పుడే అమ్మకందారుకు చెప్పాలట! ఎదురుగా తూచి ఇచ్చే దుకాణాన్ని తలచుకుని రాసిన షరతు ఇది. ముందే చెబితే ఆన్‌లైన్ అమ్మకందారు వేరే సీసా పంపగలడు. పార్శిల్ చేరాక చెప్పినా చెల్లేలా కేంద్రం ఈ సెక్షన్‌ను సవరించాలి. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రత అధికారులు మామూలు కొనుగోలుదారుల్లాగే మాంసం పచ్చళ్లు తెప్పించి, పీహెచ్ చూసి, ఫలితాలను బ్యాచ్ నంబర్లతో సహా ప్రతి నెలా ప్రకటించాలి.