పదకొండు నెలల సేవ, ఒక నెల గైర్హాజరు

సైకస్ మీద మన గృహస్థుల ఫిర్యాదు ఒక్కటే: అది ఏమీ చెయ్యదు. గులాబీ పూస్తుంది, టమాటా కాస్తుంది, మనీప్లాంట్ కనీసం పక్కింటి గోడ మీదికైనా పాకుతుంది. సైకస్ మాత్రం గేటుకు అటొకటి ఇటొకటి, జయవిజయుల్లా నిలబడి ఉంటుంది. ఏడాదికి కాండం అంగుళం ఎదిగిందంటే దాని లెక్కలో అది పరుగే. వేలు పోసి కొన్న మొక్క అలా ఖాళీగా నిలబడితే చూస్తూ ఊరుకోవడం మన ఇంటావంటా లేదు. కాబట్టి సేవ మొదలవుతుంది.

సేవల్లో మొదటిది అభిషేకం. పైపు ఎలాగూ చేతిలో ఉంది కదా అని పొద్దున ఇంటాయన ఒకసారి, ఆ సంగతి తెలియక సాయంత్రం వాచ్‌మన్ ఒకసారి. అదీ మొదలు దగ్గర కాదు, సరిగ్గా నడినెత్తిన. సైకస్ కాండానికి ఎదిగే మొగ్గ ఒక్కటే, ఆకుల నడుమ గిన్నెలా కనిపించే ఆ చోటే. అక్కడ రోజూ నీళ్లు నిలిస్తే కుళ్లు పడుతుంది. కాండం నిండా పిండి నిల్వ ఉంటుంది గనక ఎండను ఎన్నాళ్లయినా ఓర్చుకుంటుంది, తడిని ఓర్చుకోలేదు. కుండీలో పై రెండంగుళాల మట్టి పొడిబారాక పోస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో అది నాలుగైదు రోజులకోసారి అవుతుంది, చలికాలంలో పది పదిహేను రోజులకు, వానాకాలంలో వాన చూసుకుంటుంది. కానీ ఇంత తక్కువ పనికి పైపు ఎందుకు కొన్నట్టు?

కుళ్లిందో లేదో తెలుసుకోవాలంటే కాండాన్ని బొటనవేలితో నొక్కి చూడాలి. బాగున్నది రాయిలా ఉంటుంది, పోయింది మాగిన పనసకాయలా లోపలికి దిగుతుంది, వాసనా వస్తుంది. చిత్రమేమిటంటే కాండం పోయినా ఆకులు చాలాకాలం పచ్చగానే నిలుస్తాయి. కబురు ఆకులదాకా చేరేందుకు నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ అభిషేకం యథావిధిగా సాగుతుంది.

మట్టి విషయంలోనూ మనది పెద్ద చెయ్యి. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న కంకరో, నర్సరీల్లో దొరికే తెల్లటి తేలికరాయి పలుకులు పెర్లైటో ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు కలిపితే సైకస్‌కు సరిపోతుంది. మనం నల్లమట్టి, దానిమీద బస్తాడు కొబ్బరిపొట్టు, అడుగున నీళ్లు నిలిచే పళ్లెం ఏర్పాటు చేస్తాం. మొక్క ఎదిగాక సరిపోతుందని డ్రమ్మంత కుండీలో నాటుతాం. వేళ్లు అందుకోలేని మట్టి తడిగానే ఉండిపోతుంది, కుళ్లు అక్కడి నుంచి మొదలవుతుంది. ఇక కుండీ మార్చేటప్పుడు పైమట్టిలో అల్లం కొమ్ముల్లా, పగడాల గుత్తుల్లా పైకి పెరిగిన పొట్టి వేళ్లు కనిపిస్తాయి. వెంటనే రోగమని తేల్చి కత్తెర తెస్తాం. వాటిలో కాపురమున్నది నీలిఆకుపచ్చ నాచు, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చేది అదే. ఉచితంగా యూరియా చేసిపెట్టే కార్ఖానాను పడగొట్టి, దుకాణానికి వెళ్లి యూరియా కొనుక్కు రావడం మన గృహ ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం.

పేరు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. నర్సరీ చీటీ మీద సాగో పామ్ అని, అంటే సగ్గుబియ్యం తాటి అని ఉంటుంది. అది పామ్ కాదు, పూలే పూయని పురాతన జాతి. దాని చుట్టరికం ఈతచెట్టుతో కన్నా దేవదారుతోనే ఎక్కువ. మన సగ్గుబియ్యం కూడా దానివల్ల రాదు. మనం పాయసంలో వేసుకునేది సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కలా, తమిళనాట సేలంలోనూ కర్రపెండలం పిండితో చేసింది. సైకస్‌లో, ముఖ్యంగా గింజల్లో, సైకసిన్ అనే విషముంటుంది. ఇంట్లో కుక్కపిల్ల ఒక గింజ నమిలినా కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అయినా ఎర్రగా ముద్దొస్తున్నాయని గింజలు ఏరి పిల్లల చేతికి ఆడుకోవడానికిచ్చే పెద్దమనుషులు లేకపోలేదు.

తర్వాతి సేవ క్షౌరం. పండగ ముందు ఇల్లు సున్నం వేయిస్తూ పనిలో పనిగా కింది ఆకులు కొట్టిస్తాం. పచ్చగా ఉన్నవీ పోతాయి, ఎందుకంటే కిందికి వాలాయి, మర్యాదగా నిలబడలేదు. చివరికి నాలుగాకుల పిలకతో అనాసపండులా తయారవుతుంది. రాబోయే కొత్తాకులకు కావలసిన బలమంతా ఆ వాలిన పాతాకులే కూడబెడుతున్నాయి. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగిన ఆకు తప్ప దేన్నీ కోయకూడదు. ముసలాళ్ల పింఛను మీద ఇల్లు నడుస్తున్నప్పుడు వాళ్లను బయటికి పంపించడం తెలివైన పని కాదని సీరియళ్లలో కూడా చూపిస్తారు.

ఇలా పదకొండు నెలలు సేవ చేశాక, ఒక వేసవిలోనో తొలకరికో, అది పని చేస్తుంది.

మొదట నడినెత్తి కొద్దిగా ఉబ్బుతుంది. అక్కడ గుచ్చుకునే గోధుమరంగు పొలుసులు వదులై విడివడతాయి. వాటి మధ్య నుంచి, తేనెరంగు నూగు కప్పుకున్న కొత్తాకులు అన్నీ ఒక్కసారే, చిన్నమొక్కకైతే అయిదారు, పెద్దదానికి ముప్పై నలభై కూడా, నిటారుగా ఈటెల్లా లేస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఈనెకు రెండు వైపులా ప్రతి ఆకుతునకా లోపలికి చుట్ట చుట్టుకుని ఉంటుంది, వేలిగోరంత జిలేబీలు వరసగా పేర్చినట్టు. రోజుకో అంగుళమో రెండో పెరుగుతూ చుట్టలు కిందినుంచి పైకి విప్పుకుంటాయి. మూడు నాలుగు వారాల్లో గొడుగు విచ్చుతుంది. అప్పటికీ ఆకు పట్టుకుచ్చులా మెత్తగానే ఉంటుంది, గట్టిపడి ముల్లు తేలడానికి ఇంకో నెల. ఈ రెండు నెలల్లో దానికేం జరిగితే అది వచ్చే రెండు మూడేళ్లు గేటు పక్కన ప్రదర్శనకు ఉంటుంది.

ఏం జరుగుతుందంటే, ముందు ఫొటో. వెలుతురు బాగా పడటానికి కుండీ తిప్పుతాం. రెండోరోజు అత్తగారికి వీడియోకాల్‌లో చూపించడానికి మళ్లీ తిప్పుతాం. లేత ఆకు వెలుతురు వైపు వంగుతుంది, తిప్పినప్పుడల్లా దారి మార్చుకుంటుంది, ఆ వంకరతోనే గట్టిపడిపోతుంది. జాగ్రత్త ఎక్కువైనవాళ్లు ఎండకు కమిలిపోతుందని హాల్లోకి తెచ్చి సోఫా పక్కన పెడతారు. నీడలో ఆకులు సన్నగా, బారుగా సాగి, తలలు వాల్చేసి టీవీకి అడ్డొస్తాయి. ముందునుంచీ ఎక్కడుందో అక్కడే ఉంచి, చేతులు జేబులో పెట్టుకోవడమే చికిత్స.

అసలు సంగతి తర్వాత జరుగుతుంది. సైకస్ చిగురు కోసం మనకన్నా శ్రద్ధగా ఎదురుచూసే ప్రాణి ఇంకొకటుంది. వెనకరెక్కకు వెంట్రుకంత తోకతో, ఊదానీలం రంగులో, అర్ధరూపాయి బిళ్లంత సీతాకోకచిలుక. ఈటెలు రెండంగుళాలు లేచీలేవగానే వచ్చి ఆవగింజలో సగమైనా లేని తెల్లటి గుడ్లు పెట్టి పోతుంది. వాటిలోంచి వచ్చిన పురుగులు చిగురు రంగులోనే ఉంటాయి గనక కనపడవు. వాటి ఒంటి నుంచి ఊరే తీపి కోసం చీమలు చేరి కాపలా కాస్తాయి. వారం పది రోజుల్లో గొడుగు మొత్తం పోయి మొండి ఈనెలు మిగులుతాయి. కొత్తాకుల మీద చీమల బారు కనబడిందంటే అప్పటికే విందు సగం అయిందని లెక్క. దీనికి మందు చవక. నడినెత్తి ఉబ్బిన రోజే పాత దోమతెర ముక్కను వదులుగా సంచీలా చేసి కప్పి, కింద కాండానికి దారంతో కట్టాలి, ఆకు గట్టిపడ్డాక తీసెయ్యాలి. తెర లేకపోతే రోజూ పొద్దున గుడ్లను మెత్తటి కుంచెతో దులపాలి. పురుగు పుట్టేస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యాలి, లేదా పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసిన బీటీ మందు కొట్టాలి.

కానీ పిచికారీ చెయ్యడానికి ఇంట్లో ఎవరుంటారు? పదకొండు నెలలు రోజుకు రెండుసార్లు కాపలా కాసినవాళ్లం సరిగ్గా ఆ పది రోజులూ ఉండం. వేసవి సెలవులు, మేనత్త కూతురి పెళ్లి, అటునుంచి అటే తిరుపతి. మొక్కకు నీళ్లు పోయమని మాత్రం వాచ్‌మన్‌కు చెప్పి వెళతాం. ఆయన పోస్తాడు కూడా, నడినెత్తినే.

తిరిగొచ్చి చూస్తే ఈనెలు. లేదా ఆకులున్నా, కొసలు మాడి ముడుచుకుని పసుపుపచ్చగా ఉంటాయి. రెండోది పురుగు పని కాదు, మాంగనీసు లోపం. సున్నం ఎక్కువున్న బోరునీళ్లు పోసిన చోట మట్టిలో ఉన్నా అది మొక్కకు అందదు. గుర్తు సులువు: పాతాకులు పసుపెక్కితే మెగ్నీషియం, కొత్తాకులు పసుపెక్కి ముడుచుకుంటే మాంగనీసు. లీటరుకు గ్రామున్నర మాంగనీసు సల్ఫేట్ కలిపి నెలకోసారి చొప్పున మూడు నెలలు కొట్టాలి. ముడుచుకున్న ఆకు ఇక బాగవదు, వచ్చే ఏడాది ఆకే బాగుంటుంది. ఈ మాట మనకు రుచించదు, అందుకే మేకు కొడతాం. ఈ వైద్యం మనది కాదు, జపాన్‌ది. అక్కడ సైకస్ పేరే సొతెత్సు, ఇనుముతో బతికి లేచేదని అర్థం, నీరసించిన చెట్టుకు మేకులు దిగ్గొట్టేవారట. మాంగనీసు అడిగినవాడికి ఇనుము తినిపించడం వైద్యమెలా అవుతుందో చెట్టు ఇంతవరకు చెప్పలేదు.

ఆకుల అడుగున కొబ్బరికోరు చల్లినట్టుంటే అది పొలుసు పురుగు. కప్పినంత మేరా ఆకు కోసి కాల్చేసి, మిగతావాటి అడుగుభాగం తడిసేలా వారానికోసారి మూడుసార్లు నూనెమందు కొట్టాలి. దీన్ని కొందరు మొక్క తెల్లబడుతోందని సంబరపడి ఫొటో కూడా తీస్తారు.

ఇన్నీ తట్టుకుని పన్నెండు, పదిహేనేళ్లు బతికితే వివాహ ప్రసక్తి వస్తుంది. సైకస్‌లో ఆడ మగ వేరువేరు మొక్కలు. పువ్వుకు బదులు వచ్చే కంకి, అదే శంకువు, వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. గేటుకు అటూ ఇటూ పెట్టి మనం దంపతులన్నవి రెండూ మగవే కావచ్చు, ఒకే తల్లి పిలకలైతే తప్పకుండా ఒకే రకం. మగదానికి నడినెత్తిన మొక్కజొన్న పొత్తులాంటిది మూరెడు పొడుగున నిటారుగా లేస్తుంది, ఇంట్లో కొందరు దానికి దణ్ణం పెడతారు. ఆడదానికి నూగుతో కప్పిన క్యాబేజీలా వస్తుంది, దాన్ని మాత్రం బూజని కోసేస్తారు. శంకువొచ్చిన ఏడాది చాలాసార్లు కొత్తాకులు రావు. రాలేదని ఎరువు కుమ్మరించనక్కరలేదు.

సంబంధం కుదర్చాలంటే మగకంకి పొలుసులు విడివడే రోజు కాగితం పరిచి తడితే పసుపు పుప్పొడి రాలుతుంది. కాగితం పొట్లంలో కట్టి తేమ పీల్చే సిలికా జెల్‌తో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కారప్పొడి డబ్బాలకు దూరంగా. క్యాబేజీ వదులై వేలు పట్టేంత సందు ఇచ్చినప్పుడు పొడి కుంచెతో లోపలికి చల్లాలి, రోజు విడిచి రోజు మూడుసార్లు, వాన లేనప్పుడు. ఆ తర్వాత కలయికకే కొన్ని నెలలు పడుతుంది. సైకస్ మగకణాలు నిజంగానే ఈదుతాయని 1896లో జపాన్‌లో ఇకెనో సెయిచిరో అనే వృక్షశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో కనిపెట్టాడు. ముహూర్తాలు దాటిపోతాయని తొందరపెట్టే పెద్దలకు ఇక్కడ పని లేదు. పుప్పొడి తగలకపోయినా కాయలు ఊరి ఎర్రబడతాయి, బంధువులు శుభాకాంక్షలు చెబుతారు. తొడుగులేసుకుని ఎర్ర తొక్క తీసేసి నీళ్లలో వేస్తే తేలినవి దాదాపుగా డొల్లలు. మునిగినవి ఇసుకలో పక్కకు పడుకోబెట్టి సగం కప్పి, మూడు నెలల నుంచి ఏడాదిదాకా ఆగాలి.

వధువు దొరకని వాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికా ఎన్‌గోయె అడవిలో 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంటబడ్డ సైకడ్ (సైకస్ చుట్టాల గుంపంతటికీ అదే పేరు) జాతిలో ఆడది ఇప్పటికీ దొరకలేదు. లోకంలో ఉన్నవన్నీ ఆ ఒక్క మగచెట్టు పిలకలే. 1899లో లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోటకు వెళ్లినది 2004లో గానీ అక్కడ కంకి వెయ్యలేదు. అంతకుముందు అదే తోటలో ఇంకో జాతి సైకడ్ 1819లో శంకువు వేస్తే, పేరుమోసిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ముసలి జోసెఫ్ బ్యాంక్స్ పనిగట్టుకు చూడ్డానికి వెళ్లాడు. మనమైతే ఆ వారం పెళ్లిలో ఉంటాం.

ఇక తిరుపతి వెళ్లినవాళ్ల సంగతి. ఆ శేషాచలం కొండల్లోనే సైకస్ బెడ్డోమీ ఉంటుంది, కొండఈత అనీ పేరీత అనీ అంటారు. లోకంలో ఇంకెక్కడా సహజంగా మొలవని తూర్పు కనుమల సొంత బిడ్డ. దాన్ని తవ్వడం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం, అంతర్జాతీయ వ్యాపారం కూడా నిషిద్ధం, అయినా మందుకని మగకంకులు కోసుకుపోయేవాళ్లకు కొదవలేదు. రాతినేల, మండుటెండ, నీళ్లు పోసే నాథుడు లేడు. కార్చిచ్చు వచ్చి ఆకులన్నీ కాల్చేసినా, నల్లబడిన మొండెం మీద కొత్తాకులు పచ్చగా లేస్తాయి. దాని పక్కనుంచే బస్సు కొండ దిగుతుంది. లోపల ఇంటాయన వాచ్‌మన్‌కు ఫోన్ చేసి నీళ్లు పోస్తున్నావా అని అడుగుతుంటాడు.