తులం తొక్క, తులం బంగారం

చలికాలం వస్తే మా ఇంట్లో కమలాపళ్ళకు లెక్కుండదు. తొక్కలన్నీ తడి చెత్త డబ్బాలోకి పోతాయి. ఇన్నేళ్ళుగా మున్సిపాలిటీ ఆటోకి ఎంత ఆస్తి రాసిచ్చానో ఈమధ్యే తెలిసి వచ్చింది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు షిన్‌హుయ్ అనే చోటుంది. అక్కడ కమలా తొక్కను ఒలిచి, ఎండబెట్టి, భద్రంగా దాస్తారు. మూడేళ్ళు నిండితే గాని దానికి మందు హోదా రాదు. పదేళ్ళు దాటితే మర్యాద, ముప్ఫయ్యేళ్ళు దాటితే భక్తి. "తులం తొక్క, తులం బంగారం" అని వాళ్ళకు సామెతే ఉంది. మనమేమో "తొక్కలో" అనే మాటను తిట్టు కింద వాడుకుని చేతులు దులుపుకున్నాం.

చైనా మూలికల ధరలు మరీ దారుణం అని గొణిగేవాళ్ళున్నారు. వాళ్ళకు వైద్యం తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. మూలికలో పనిచేసేది వేరూ కాదు, బెరడూ కాదు. ధర. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఊరికే దొరుకుతుంది గనకే పనికిరాదు. అదే చెట్టును ఓడెక్కించి చూడండి.

ఎక్కించి చూశారు కూడా. 1784 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ అనే ఓడ కాంటన్ రేవుకి బయల్దేరింది. అమెరికా అనే కొత్త దేశం చైనాతో మొదలుపెట్టిన వ్యాపారం అదే. ఓడలో ఉన్నది ముఖ్యంగా చైనావాళ్ళు బలానికి వాడే జిన్‌సెంగ్ వేరు, సుమారు 30 టన్నులు. అమెరికా అడవుల్లో అడిగే దిక్కులేక పెరిగిన మొక్క అది. దాన్ని అమ్ముకుని, తిరుగు ప్రయాణంలో టీ ఆకు తెచ్చుకున్నారు. అటు నుంచి పెరటి వేరు, ఇటు నుంచి పెరటి ఆకు. సముద్రం దాటేసరికి రెండూ అమృతమయ్యాయి.

అడవి జిన్‌సెంగ్ కనిపించగానే ఈశాన్య చైనాలో దానికి ఎర్రదారం కట్టేవారు. మనిషి ఆకారంలో ఉంటుంది కదా, పారిపోతుందని భయం. ఈ కాలంలో ధర విని పారిపోయేది కొనడానికి వచ్చినవాడు. దారం ఎవరి కాలికి కట్టాలో దుకాణదారులు పునరాలోచించుకోవాలి.

ఇక పురుగు మందు సంగతి. పత్తి చేలో కొట్టేది కాదు, అచ్చంగా పురుగే మందు. టిబెట్, హిమాలయాల ఎత్తుల్లో మట్టిలో ఉండే ఒక రకం గొంగళిపురుగుకి బూజు పడుతుంది. ఆ బూజు పురుగును లోపల్నుంచి తినేసి, మంచు కరిగే వేళకు దాని తలలోంచి పుల్లలా మొలుస్తుంది. చైనావాళ్ళు దీన్ని ‘చలికాలం పురుగు, వేసవి గడ్డి’ అంటారు. మన ఉత్తరాఖండ్‌లో పితోరాగఢ్ వైపు కీడా జడీ అంటారు. అక్కడ ఊళ్ళకు ఊళ్ళు కొండెక్కి, మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతాయి. ఆ మోకాళ్ళ నొప్పులకు ఏ మందు వాడతారో మాత్రం ఎవరూ రాయరు. ఆ పురుగు కొనే స్తోమత వాళ్ళకుండదు.

ఎన్నో ఏళ్ళపాటు మేలిరకం పురుగు బంగారాన్ని మించి పలికింది. 1993లో చైనా అమ్మాయిలు పరుగుపందాల్లో ప్రపంచ రికార్డులు బద్దలు కొడితే, కోచ్ మా జున్‌రెన్ ఇదంతా ఈ పురుగు కషాయం, తాబేలు రక్తం మహిమ అన్నాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముందు నిషిద్ధ మందులు పట్టే రక్తపరీక్షలు జరిగాక ఆయన శిష్యురాళ్ళు కొందరు జట్టులోంచి తప్పుకోవలసి వచ్చింది. తాబేలుకేమీ కాలేదనుకోకండి, దాని పని ముందే అయిపోయింది.

తూకానికి అమ్మే పురుగు కనుక, బరువు పెరగాలని దాని పొట్టలో సీసం కూరే ఘనులున్నారు. విరిగిపోతే పుల్ల గుచ్చి అతుకుతారు. 2016లో చైనా ఔషధ నియంత్రణ సంస్థ ఈ సరుకును పరీక్షించి, కిలోకి 4.4 నుంచి 9.9 మిల్లీగ్రాముల దాకా ఆర్సెనిక్ అనే విషం ఉందని హెచ్చరించింది. ఆరోగ్య ఆహారాలకు పెట్టుకున్న పరిమితి 1 మిల్లీగ్రాము. పురుగు మందులో పురుగుమందు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ఇదే.

అయినా దీన్ని వేసుకునేవాళ్ళకంటే ఇచ్చిపుచ్చుకునేవాళ్ళే ఎక్కువని చెప్పుకునేవారు. ఎర్ర పట్టు అట్టపెట్టెలో పెట్టి అధికారి ఇంటికి పంపితే, ఎన్నాళ్ళుగానో కదలని ఫైలు లేచి నడిచేది. అంతకంటే రుజువైన వైద్యం ఇంకేం కావాలి? షీ జిన్‌పింగ్ గద్దెనెక్కి అవినీతి మీద పడ్డాక ధర కొంత దిగిందని వ్యాపారులే వాపోయారు. లంచాలు తగ్గితే మందుల షాపులు బోసిపోవడం వైద్యశాస్త్రంలో కొత్త అధ్యాయం.

ధరను చికిత్సగా వాడటంలో హాంకాంగ్‌లోని కొన్ని దుకాణాలది అందెవేసిన చెయ్యి. అక్కడ కాటీ అంటే సుమారు 605 గ్రాములు. కాటీకి 16 టేళ్ళు, టేల్‌కి 10 మేస్‌లు. బల్లమీద ధర అంకె ఒక్కటే ఉంటుంది, ఎంత తూకానికో ఉండదు. మీరు కాటీకి అనుకుని తలూపుతారు. వాళ్ళు చకచకా వేరును ముక్కలు కోసేస్తారు. అప్పుడు చెబుతారు, అది మేస్ ధర అని. అంటే మీరనుకున్నదానికి సరిగ్గా 160 రెట్లు. వద్దంటే, కోసిన వేరు అతుక్కోదు కదా సార్ అంటారు. హాంకాంగ్ కస్టమ్స్‌వాళ్ళు ఇలాంటివాళ్ళను పదే పదే పట్టుకుంటూనే ఉన్నారు. నా అభిప్రాయంలో ఇది అన్యాయం. బిల్లు చూడగానే రోగికి నీరసం, నిద్రమత్తు, ఆకలి మందగించడం అన్నీ ఒక్కసారి మాయమై గుండె వేగం పెరుగుతుందే, ఏ కషాయం ఇంత తొందరగా పనిచేస్తుంది?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రోజువారీ చైనా కషాయంలో పడే అతిమధురం, శొంఠి లాంటివి చవకే. మనకు శొంఠి లేని కషాయం లేనట్టే, వాళ్ళకు పది మందుల్లో తొమ్మిదింటిలో అతిమధురం ఉండాల్సిందే. అందుకే వాటి గురించి గొప్పలు చెప్పుకునేవాడు లేడు.

చవక సరుక్కి గిరాకీ రావాలంటే భయం కలవాలి. 2020 జనవరి 31 రాత్రి షువాంగ్‌హువాంగ్‌లియన్ అనే మూలికల ద్రావణం కొత్త వైరస్‌ను అడ్డుకోగలదని వార్త వచ్చింది. గంటల్లో జనం మందుల షాపుల ముందు బారులు తీరారు. ఆన్‌లైన్‌లో ఖాళీ. పశువులకిచ్చే రకం కూడా ఖాళీ. పేరు దగ్గరగా ఉన్న పాపానికి రెండు గుడ్డు సొనల తామరగింజల మూన్‌కేకులు కూడా అమ్ముడైపోయాయి. మిఠాయి కొన్నవాళ్ళే తెలివైనవాళ్ళని నా నమ్మకం. దానివల్ల జబ్బు తగ్గకపోయినా, తియ్యగా ఉంటుంది.

ఇంకో మాత్ర ఉంది, పియెన్ త్జె హువాంగ్. ఒక్కోటి 3 గ్రాములు. 2021లో దాని అసలు ధర 590 యువాన్లు. జనం ఎగబడి కొనేసరికి బయట 1,600 దాకా పలికింది. మింగడానికి కాదు, షేర్లలా దాచుకోవడానికి. 2023లో కంపెనీయే 760 చేసింది, మన లెక్కలో దాదాపు 9,000 రూపాయలు. ముడిసరుకు పెరిగిందని కారణం చెప్పింది. ఆ ముడిసరుకులో ఒకటి మనకు బాగా తెలిసిందే, గోరోచనం. ఆవు పిత్తాశయంలో కట్టే రాయి. మన నాటువైద్యులు పసిపిల్లలకు అరగదీసి నాకించేవారు. 2024లో అది చైనాలో కిలో పది లక్షల యువాన్లు దాటింది, అంటే కోటి రూపాయల పైమాటే.

ఈ సంగతి చదివిన రోజు నుంచి మా వీధిలో తిరిగే ఆవుకి దారి నేనే తప్పుకుంటున్నాను. ఎవరింట్లో లాకర్ ఎంత విలువైందో తెలియదు కదా. నిన్న సాయంత్రం అది మా చెత్త డబ్బా దగ్గర నిలబడి, ఒక పాలిథిన్ కవరూ, దాంతోపాటు మా కమలా తొక్కలూ తీరిగ్గా నములుతూ కనిపించింది.