మూడు మెట్ల ముచ్చట

ఇల్లు కట్టడం మొదలుపెట్టినవాడికి సలహాదారుల కొదవ ఉండదు. పునాది ఎంత లోతు తియ్యాలో చెప్పేవారు, వారు తప్పు చెప్పారని చెప్పేవారు, ఆ ఇద్దరి మాటా వినవద్దని చెవిలో ఊది వెళ్లేవారు అడుగడుగునా ఎదురవుతారు. నాకు అందిన సలహాలన్నింటిలో నేను నూటికి నూరుపాళ్లు పాటించింది ఒక్కటే. ఇంటి నేల రోడ్డు కంటే ఎత్తున ఉండాలి, లేకుంటే వాన నీళ్లు పిలవని చుట్టాల్లా నేరుగా నట్టింట్లోకి వస్తాయి. మా తాపీ మేస్త్రి ఈ విషయంలో నాకంటే పట్టుదల గల మనిషి. సన్నటి పారదర్శకపు గొట్టంలో ఒక్క బుడగైనా మిగలకుండా నీళ్లు నింపి, ఒక కొసను నా చేతికిచ్చి రోడ్డు మీద నిలబెట్టి, రెండో కొసను తాను పిల్లరుకు ఆనించి పట్టుకుని, రెండు కొసల్లోనూ నీళ్లు ఊగడం మానేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టవలసిందేనని శాసించాడు. చివరికి బేస్‌మట్టం రోడ్డుకు సరిగ్గా 45 సెంటీమీటర్ల ఎత్తున కుదిరింది. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల చొప్పున గేటు దగ్గర మూడు మెట్లు వెలిశాయి.

"బాబుగారూ, ఈ మెట్లు మీ మనవల కాలానికి కూడా చెక్కుచెదరవు" అన్నాడు మేస్త్రి. ఆయన మాట పొల్లుపోలేదు. మెట్లు ఇప్పటికీ చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి, కాకపోతే భూగర్భంలో ఉన్నాయి.

మేము ఇంట్లో చేరిన ఏడాదే మా వీధి ముందరి రోడ్డును పెద్ద రహదారిగా మారుస్తారన్న కబురు వచ్చింది. మొదట దాని మీద 5 సెంటీమీటర్ల తారు పొర వేశారు. దాదాపు 150 డిగ్రీల వేడితో లారీ నుంచి దిగిన ఆ తారు కంకర చల్లారకముందే రోలరు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, రోడ్డును అద్దంలా చేసి వెళ్లిపోయింది. అడుగు మెట్టు 15 నుంచి 10కి దిగిందని గమనించినవాడు వీధిలో ఎవడూ లేడు. రోడ్డు నున్నగా ఉన్నప్పుడు మెట్ల వంక చూసే అలవాటు మనుషులకు ఉండదు. పాత పొరను యంత్రంతో గీకేసి, గీకినంత మందమే కొత్తది వేస్తే రోడ్డు మట్టం మారదని శాస్త్రం చెబుతుంది. గీకడం కనపడని పని, వేయడం కనపడే పని. ఏది ముందు జరుగుతుందో చెప్పనక్కరలేదు.

ఆ తరువాత నెల తిరగకుండానే మంచినీటి గొట్టం కోసం ఆ నున్నటి రోడ్డును నిలువునా చీల్చారు. గొట్టం వేసి మట్టి కప్పాక, తీగల కోసం వచ్చినవారు అదే గుంతకు రెండు అడుగుల పక్కగా మరొకటి తవ్వారు. గుంతలో తిరిగి పోసిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకపోతే అది వానలకు తనంతట తాను కుంగి కూర్చుంటుంది. మా వీధి మట్టి ఎవరి సాయమూ లేకుండా ఈ పని చక్కగా నెరవేర్చుకుంది. బురదలో నడవడానికి ఇరుగుపొరుగువారు ఇటుకలు పరిచారు, మేము ఒంటికాలి మీద ఒక ఇటుక నుంచి మరో ఇటుక మీదికి గెంతుతూ రాకపోకలు సాగించాం. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ల పాంపేయి నగరంలోనూ వీధి దాటడానికి ఎత్తైన రాళ్లు వరసగా అమర్చి, బండి చక్రాలు దూరేందుకు వాటి మధ్య సందులు వదిలారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాగరికత ఎటూ పోలేదని, మా వీధి దాకా నడిచి వచ్చిందని నాకు ఊరట కలిగేది. గుంతలన్నీ పూడ్చి, రోడ్డంతటికీ మళ్లీ 5 సెంటీమీటర్ల పొర వేశారు. అడుగు మెట్టు 5కు దిగింది.

అసలు విస్తరణ ఆ తరువాత మొదలైంది. రహదారి అంటే పైన కనపడే నల్లటి తోలు ఒక్కటే అనుకునేవాడిని. దాని కింద గట్టిపరిచిన మట్టి, ఆ పైన కంకర, ఆ పైన తడిపి అణచిన సన్నకంకర, ఆ పైన రెండు రకాల తారు పొరలు ఉంటాయనీ, బరువు వాహనాలు తిరిగే దారిలో ఇవన్నీ కలిసి అరమీటరు మందం దాటడం మామూలేననీ అప్పుడే తెలిసింది. ఈ పొరలన్నిటికీ చోటు కావాలంటే పాతది తవ్వి కిందికి దిగాలి, లేదా ఉన్నదాని మీద పైకి ఎక్కాలి. మా రోడ్డు పైకి ఎక్కడానికే మొగ్గు చూపింది. పని ముగిసేనాటికి మరో 25 సెంటీమీటర్లు ఎదిగింది. మొదటి రెండు మెట్లు రాళ్ల కింద కలిసిపోయాయి, మూడో మెట్టు 10 సెంటీమీటర్లు మాత్రం తల బయటపెట్టి ఊపిరి పీలుస్తోంది.

ఆ దశలోనే ఒకరోజు ఉదయం మా గేటు స్తంభం మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు, దాని కింద ఒక గీత ప్రత్యక్షమయ్యాయి. విస్తరణ జరుగుతున్న వీధిలో గోడ మీద ఎర్ర రంగు కనపడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ గీత దాకా ఇల్లు కొట్టేస్తారని పక్కింటాయన మెల్లగా తేల్చాడు. తొమ్మిది గంటలకల్లా ఇల్లంతా పరామర్శకులతో నిండిపోయింది. వచ్చినవారు గోడలను నిమిరి, "ఎంత బాగా కట్టించుకున్నారండీ" అని భూతకాలంలో మాట్లాడసాగారు. ఒకరిద్దరు కిటికీలు, తలుపులు ఎవరికైనా ఇచ్చే ఉద్దేశం ఉందా అని నా భార్యను పక్కకు పిలిచి అడిగారట. మధ్యాహ్నం సర్వే చేసే కుర్రవాడు మూడు కాళ్ల యంత్రంతో వచ్చాక నేను గద్గదస్వరంతో ఆ గుర్తు గురించి విచారించాను.

"కంగారు పడకండి సర్, అది బెంచ్ మార్కు" అన్నాడు ఆ అబ్బాయి. రోడ్డు ఎత్తులన్నీ కొలవడానికి కదలని చోటు ఒకటి గుర్తు పెట్టుకోవాలట. "ఈ వీధిలో అన్నీ కదులుతూనే ఉన్నాయి. మీ స్తంభం ఒక్కటే ఉన్నచోట ఉంది."

అంటే నా ఇంటిని ఎంత లోతున పాతిపెడుతున్నారో కొలిచేందుకు నా ఇంటినే కొలతగా తీసుకున్నారన్నమాట. ఈ గౌరవానికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. పరామర్శకులు మాత్రం కొంత నిరుత్సాహంతో వెళ్లిపోయారు.

ఎదుటి స్థలం ఆసామి అప్పుడే ఇల్లు మొదలుపెట్టాడు. నా మెట్ల గతి కళ్లారా చూసినవాడు కనుక, ఈ రోడ్డుతో తాడో పేడో తేల్చుకుంటానని బేస్‌మట్టాన్ని నా భుజం ఎత్తున లేపాడు. బండి ఎక్కడానికి వాలుబల్లలాంటి ర్యాంపు ఒకటి రోడ్డు మీదికి సాగదీశాడు. మర్నాడే విస్తరణవారు వచ్చి, ర్యాంపులో రోడ్డు మీదికి వచ్చిన సగాన్ని కోసుకుపోయారు. మిగిలిన సగం గాలిలో ఆగిపోయింది. ఇప్పుడు ఆయన స్కూటరు పైనే ఉంటుంది, ఆయన కింద ఉంటాడు. ఉదయం పూట ఆయన నిచ్చెన దిగుతూ, నేను గడప ఎక్కుతూ రోడ్డు దగ్గర కలుసుకుని మర్యాదపూర్వకంగా నమస్కారాలు చేసుకుంటాం.

ఇక మురుగుకాలువ వంతు. రహదారి పక్కన కాంక్రీటు కాలువ కట్టి, దాని మీద పలకలు పోసి, ఆ పలకలనే కాలిబాటగా వాడతారట. మా గేటు ముందర పలక కోసం సెంట్రింగు కొట్టి, చువ్వల జాలీ పరిచినప్పుడు నేను రసమట్టం పెట్టి చూసుకున్నాను. పలక పైమట్టం మా నేల కంటే 5 సెంటీమీటర్లు ఎక్కువ తేలింది. ఇక ఊరుకుంటే లాభం లేదని రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. "పనులు అడుగడుగునా నిర్లక్ష్యంగా సాగుతున్నవి" అన్న వాక్యం నాకు ఎంతో నచ్చి దాన్ని రెండు చోట్ల వాడాను. తెల్లవారగానే ఉతికిన బట్టలు, మెరుగు పెట్టిన బూట్లు వేసుకుని, అర్జీలోని ఆ వాక్యాన్ని మరొకసారి పైకి చదువుకుంటూ గేటు తీసి, ఠీవిగా కుడికాలు ముందుకు వేశాను.

కూలీలు తెల్లవారుజామునే పలక పోసి, నున్నగా చదును చేసి, తరువాతి గేటు దగ్గరికి వెళ్లిపోయారన్న సంగతి నా కుడికాలికి ముందు తెలిసింది, నాకు తరువాత తెలిసింది. కాలు మెత్తగా రెండు అంగుళాలు దిగి చువ్వల మీద ఆగింది. పైకి లాగితే మేజోడుతో సహా పాదం వచ్చింది గాని బూటు రాలేదు. ఎడమకాలి మీద నిలబడి, గేటును కౌగిలించుకుని, వంగి రెండు చేతులతో లాగితే చిత్రమైన చప్పుడుతో అది ఊడివచ్చింది. పలక మధ్యలో నా పాదముద్ర, మడమతో సహా, అతి స్పష్టంగా నిలిచి ఉంది.

ఆ క్షణంలో కూలీలను పిలిచి ఉంటే తాపీతో రెండు గీతలు గీసి సరిచేసేవారు. సిమెంటు నీళ్లు తగిలిన వెంటనే బిగుసుకోదు, అరగంటపాటు అయినా మాట వింటుంది. కానీ నిర్లక్ష్యం గురించి నాలుగు పేజీలు రాసిన అర్జీ చేతిలో ఉండగా ఏ ముఖంతో పిలుస్తాను? అటూ ఇటూ చూశాను. ఎవరూ చూడలేదు. గోడ పక్కన ఒక తడి గోనెపట్టా కనపడితే తెచ్చి ముద్ర మీద కప్పి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వెళ్లిపోయాను. బూటును కడగబోతే అది అప్పటికే బూటు ఆకారంలో ఉన్న రాయి.

గోనెపట్టా కప్పడం కాంక్రీటుకు చేసే శ్రేష్ఠమైన సేవ అని నాకు ఆ సాయంత్రం తెలిసింది. కాంక్రీటు ఆరిపోయి గట్టిపడుతుందని ఇన్నాళ్లూ అనుకునేవాడిని. నిజానికి సిమెంటు నీళ్లతో కలిసి రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది, అందుకే రోజుల తరబడి తడి ఆరనివ్వకుండా చూస్తారు. నీళ్లు కొట్టడానికి వచ్చిన మనిషి, ఎవరో ముందుచూపుతో పట్టా కప్పారని సంతోషించి, దాని మీద రెండు బిందెలు ఎక్కువే కుమ్మరించాడు. రోజుకు మూడు పూటలా వచ్చి తడిపేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేవాడిని. వీధిలోని పలకలన్నిటిలోనూ నా పాదముద్రకు జరిగినంత క్యూరింగు మరి దేనికీ జరగలేదు.

ఇలాంటి పొరపాట్ల వల్ల బాగుపడినవారూ లేకపోలేదు. 1901లో ఇంగ్లండులో హూలీ అనే సర్వేయరు దారిన పోతుండగా ఒకచోట రోడ్డు దుమ్ము లేకుండా గట్టిగా కనపడింది. తారు పీపా ఒకటి అక్కడ పడి పగిలిందనీ, ఆ జిగురును కప్పడానికి ఎవరో కొలిమి చిట్టెం పోశారనీ తెలుసుకుని, ఆయన మరుసటి ఏడు తారు, చిట్టెం కలిపి రోడ్డుకు వేసే టార్మాక్‌కు పేటెంటు సంపాదించాడు. కప్పిపుచ్చడంలో ఆ అజ్ఞాత వ్యక్తికీ నాకూ పెద్ద తేడా లేదు. అయితే అక్కడ హూలీ వచ్చాడు, ఇక్కడ సైటు ఇంజినీరు వచ్చాడు.

వారం దాటాక ఆయన పట్టా తొలగించి, చాలాసేపు మౌనంగా చూశాడు. వేలితో ముద్ర అంచును తట్టి, "ఎంత గట్టిగా వచ్చిందో చూడండి, అడుగు మీది గీతలతో సహా దిగాయి" అని పక్కవారితో అన్నాడు. అప్పుడు తల ఎత్తి గేటు లోపల నిలబడిన నన్ను, నా కాళ్లను చూశాడు. నేను చెప్పులు వేసుకునే ఉన్నాను. అయినా గేటు పక్కన ఎండబెట్టిన ఒంటి బూటు మా ఇద్దరి మధ్య సాక్ష్యం చెబుతూనే ఉంది.

"దీన్ని కొట్టి మళ్లీ పోస్తారా?" అని నెమ్మదిగా అడిగాను.

"పోయవచ్చు సర్" అన్నాడు ఆయన అంతకంటే మర్యాదగా. "కొట్టాలంటే చువ్వలు కదులుతాయి. పైన ఇంకో పొర వేయడం తేలిక. ఒక 5 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది, అంతే."

వద్దని చేతులు జోడించాను. అర్జీ ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

తొలకరి వాన మొన్న రాత్రి పడింది. రోడ్డు మీది నీళ్లు రెండు పక్కలకూ జారిపోవడానికి మధ్య ఎత్తు, అంచులు పల్లంగా, మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇస్తారు. ఆ వాలు ఎంత కచ్చితంగా ఇచ్చారో మా గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. నీళ్లు మధ్యగీత నుంచి తిన్నగా వచ్చి, కాలువలోకి దిగే కన్నాన్ని చూసీ చూడనట్టు దాటి, పలక ఎక్కి, మొదట నా పాదముద్రలోకి దిగాయి. మడమ నిండింది, ఆపైన అరికాలు, చివరికి బొటనవేలి దాకా నిండింది. దాని అంచు దాటి తొణికిన తరువాతే గడప వైపు కదిలాయి. గడియారం చూసుకుంటే ముద్ర నిండడానికీ నీళ్లు గడప తాకడానికీ మధ్య పదకొండు నిమిషాల వ్యవధి ఉంది. చాపలు చుట్టి, బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించడానికి అది సరిగ్గా సరిపోయింది. నిన్న సాయంత్రం మబ్బు పట్టగానే ఎదురింటాయన తన నిచ్చెన మీద నుంచి కేకవేసి, "మడమ నిండిందా అండీ?" అని అడిగాడు.