నాలుగు వందల డాలర్లకి డూపా?

మనిషి నాటకానికి వెళ్లేది నాటకం చూడ్డానికి కాదు. ఇంత చిన్న సంగతి న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల వాళ్లకి ఇన్నేళ్లయినా ఎందుకు బుర్రకెక్కలేదో నాకు అర్థం కాదు. సినిమాల్లో చూసిన మనిషి నిజంగానే ఉన్నాడా, ఉంటే ఎంత పొడుగున్నాడు, జుట్టు సొంతదేనా, దగ్గితే మనలాగే దగ్గుతాడా అని కళ్లారా తేల్చుకుని రావడానికి మనం వెళ్తాం. రెండున్నర గంటలు ఆయన ఊరికే నిలబడితే బాగుండదు కాబట్టి ఏవో మాటలు మాట్లాడిస్తారు. దాన్నే నాటకం అంటారు.

ఈ లెక్కన మొన్న శనివారం రాత్రి మాకు జరిగింది అన్యాయం కూడా కాదు, ఘోరం.

మా బావమరిది న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాడు. వాడికి ఒక హాలీవుడ్ నటుడంటే ప్రాణం (పేరు చెప్పను, ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగోలేదట, జ్వరంతో పడుకున్న మనిషిని బజారుకీడ్చడం మర్యాద కాదు). ఆయన నాటకం వేస్తున్నాడని తెలిసినప్పటి నుంచి వీడికి నిద్ర లేదు. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి రీసేల్‌లో ఒక్కోటి 400 డాలర్లు పెట్టి రెండు కొన్నాడు. వాళ్లావిడకి 80 అని చెప్పాడు. "2025లో డెంజెల్ వాషింగ్టన్ వేసిన 'ఒథెల్లో'కి మంచి సీటు 921 డాలర్లు బావా, ఆ లెక్కన మనం చవగ్గా కొట్టేశాం" అని నాకు ధైర్యం చెప్పాడు. మెట్రోపార్క్‌లో రైలెక్కినప్పటి నుంచి పెన్ స్టేషన్‌లో దిగేదాకా, షో అయ్యాక నటులు బయటికొచ్చే స్టేజ్ డోర్ దగ్గర ఆయనతో ఏం మాట్లాడాలో రిహార్సల్ వేస్తూనే ఉన్నాడు. "సార్, బిగ్ ఫ్యాన్, ఫ్రమ్ గుంటూరు." గుంటూరు ఎక్కడుందో ఆయన అడిగితే చెప్పడానికి ఇంకో డైలాగు కూడా రెడీ చేసుకున్నాడు.

సీట్లో కూర్చుని ప్లేబిల్ (హాల్లో చేతికిచ్చే, నటుల వివరాలుండే చిన్న పుస్తకం) తెరిచాడు. లోపలి నుంచి అరచేతంత తెల్ల చీటీ జారి ఒళ్లో పడింది. ఈ ప్రదర్శనలో ఫలానా పాత్రను ఫలానా నటుడు పోషిస్తారు, అంతే. ఆ రెండో ఫలానా మేం ఎప్పుడూ వినని పేరు. వాడు చీటీ తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడ ఏమైనా క్షమాపణ రాసి ఉంటుందేమోనని. ఏమీ లేదు.

పాత్ర ఇంకొకరు వేస్తున్నప్పుడు ప్రేక్షకుడికి మూడు దారుల్లో చెప్పొచ్చు: ప్లేబిల్‌లో చీటీ, లాబీలో బోర్డు, మైకులో ప్రకటన. వీటిలో కనీసం రెండు చేసి తీరాలని నటుల యూనియన్ నిబంధన. అంటే ఒకసారి గుండె ఆగితే సరిపోదు, రెండుసార్లు ఆగాలి. మా హాల్లో రెండోది మైకులో వచ్చింది. ఆ ప్రకటనకి హాలంతా ఒక్కసారిగా మూలిగింది. ఆ మూలుగు మీరు విన్నదే. ఆఖరి ఓవర్‌లో కరెంటు పోతే వీధి వీధంతా కలిసి "ఆఁ…" అంటుందే, అదే. కరెంటైతే మళ్లీ వస్తుందన్న ఆశ ఉంటుంది, అదొక్కటే తేడా.

"డూపా బావా?" అన్నాడు వాడు. "నాలుగు వందల డాలర్లకి డూపా?"

డూప్ కాదురా, అండర్‌స్టడీ అంటారు అని చెప్పబోయాను. అప్పటికే లేచాడు.

బ్రాడ్‌వేలో ఒక పద్ధతి ఉంది. నాటకం పేరు కన్నా పైన ఎవరి పేరు వేస్తారో ఆ మనిషి రాకపోతే మామూలుగా డబ్బు వాపసు అడగొచ్చు, తెర లేవకముందే. పేరు కింద ఉంటే నోరు మూసుకుని చూడాలి. కథ ఎవరు రాశారన్నది, నాటకం ఎలా ఉంటుందన్నది ఈ లెక్కలోకి రావు. మొత్తం వ్యవహారమంతా అక్షరాలు పోస్టర్ మీద ఎంత ఎత్తున ఉన్నాయన్న దాని మీద నడుస్తుంది. మన సినిమాల్లో టైటిల్ కార్డ్ మీద గొడవలు పడేవాళ్లు వింటే కళ్ల నీళ్లు పెట్టుకుంటారు.

ఇక ఆ రీఫండ్ క్యూ. నేను పుష్కరాల్లో క్యూ చూశాను, వీసా ఆఫీసు బయట క్యూ చూశాను, ఇంత దుఃఖం ఎక్కడా చూడలేదు. ఒకావిడ పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది, ఎవరికివ్వాలో తెలియడం లేదు. ఒక పెద్దాయన కౌంటర్‌లో పిల్లతో చాలా శాంతంగా వాదిస్తున్నాడు: సెట్టింగులు అవే కదా, లైట్లు అవే కదా, మిగతా నటులూ వాళ్లే కదా, కాబట్టి మొత్తం అక్కర్లేదు, ఆయన వంతు మాత్రం తీసి ఇచ్చేయండి. ఆ పిల్ల ఆయన వంతెంతో లెక్కెయ్యలేక బిక్కమొహం వేసింది. వెనకాల ఇద్దరు డాక్టర్లయిపోయారు. ఆయనకి గొంతు పోయిందని ఒకడు, కాదు షూటింగుకి వెళ్లుంటాడని ఇంకొకడు. 2008లో జెరెమీ పివెన్ అనే నటుడు చేపలు తినీ తినీ ఒంట్లో పాదరసం పెరిగిందని నాటకం మధ్యలో మానేస్తే, అది రాసిన డేవిడ్ మామెట్ "ఆయన థర్మామీటర్‌గా స్థిరపడబోతున్నట్టున్నారు" అని జోకేశాడు. (తర్వాత పంచాయితీలో నటుడి తప్పు లేదనే తేలింది, కానీ థర్మామీటర్ మాత్రం జనానికి గుర్తుండిపోయింది.) మావాడి కోరిక ఇంకా చిన్నది. ఆయన నటించనక్కర్లేదట, పాపం నీరసంగా ఉంటే కుర్చీలో తీసుకొచ్చి రెండు నిమిషాలు చూపించేస్తే చాలట. నిజంగానే వెళ్లి అడిగాడు. నేను తల తిప్పుకుని గోడ మీద బోర్డు చదవసాగాను.

కౌంటర్ పిల్ల టికెట్ చూసి, ఇది మా దగ్గర కొన్నది కాదు, ఎక్కడ కొన్నారో అక్కడే అడగండి అంది. రీసేల్ సైట్ వాళ్ల షరతులు ఫోన్లో చూస్తే, షో పూర్తిగా రద్దయితే తప్ప పైసా రాదు. వాడి మొహం చూడలేకపోయాను. చేసేదేం లేక, ఖర్మ కాలి, నాటకం చూడాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ అండర్‌స్టడీ ఎవరయ్యా అంటే, రోజూ ఆ నాటకంలోనే ఏ పోస్ట్‌మాన్ వేషమో వేసుకుంటూ, హీరో వేషం మొత్తం తలలో పెట్టుకుని తిరిగేవాడు. ఏ వేషమూ లేకుండా, పిలిస్తే ఉరికి రావడానికే సిద్ధంగా ఉండేవాణ్ని స్టాండ్‌బై అంటారు. ఇక స్వింగ్ అని ఇంకో రకం ఉంది, వాళ్లు గుంపులో ఐదారుగురి వేషాలు, ఎవరు ఏ కాలు ముందు పెడతారో సహా, అన్నీ నేర్చుకుని కూర్చోవాలి. హీరోకి నెలల తరబడి రిహార్సల్స్. వీళ్లకి వారానికి ఇన్ని గంటలని, అదీ చాలాసార్లు అసలు నటులు పక్కన లేకుండా. అసలు నటుల పక్కన మొదటిసారి నిలబడేది డబ్బిచ్చిన జనం ముందే అయినా ఆశ్చర్యం లేదు. 2021 డిసెంబర్ 23న 'ద మ్యూజిక్ మ్యాన్'లో హీరోయిన్ సటన్ ఫోస్టర్‌కి కోవిడ్ అని తేలితే, స్వింగ్‌గా ఉన్న క్యాథీ వోయ్ట్‌కోకి మధ్యాహ్నం పన్నెండుకి కబురు చెప్పారు. ఒంటిగంటకి ఆ పాత్రలో ఆమె మొదటి రిహార్సల్. రాత్రికి షో. ఆమె తలలో ఉన్నవి మొత్తం ఎనిమిది వేషాలు. షో అయ్యాక హీరో హ్యూ జాక్‌మన్ ఆమెని ముందుకి తీసుకొచ్చి, బ్రాడ్‌వే నిలబడింది వీళ్ల మీదే అని జనానికి చెప్పాడు. చెప్పాల్సి వచ్చింది, గమనించండి.

ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒమిక్రాన్‌తో సగం థియేటర్లు మూతపడుతుంటే, మిగతావి ఈ స్వింగులూ అండర్‌స్టడీల పుణ్యాన తెర ఎత్తుతుంటే, నిర్మాతల సంఘం బ్రాడ్‌వే లీగ్ అప్పటి అధ్యక్షురాలు ఒక ఇంటర్వ్యూలో అన్నమాట ఏమిటంటే, కొత్త షోల్లో అండర్‌స్టడీలు అసలు నటులంత సమర్థంగా చెయ్యలేరని. తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి. జ్వరాల మధ్య, మాస్కుల మధ్య ఎవరి వల్ల బాక్సాఫీసు తెరిచి ఉందో వాళ్లని పట్టుకుని ఆ మాట! పడవ మునగకుండా కాపాడినవాడికి ఈత రాదని పేరు పెట్టినట్టుంది.

ఆవిడనంటే ఏం లాభం, మనం చేసిందేమిటి? ఆ మూలుగు వెనక్కి వినపడుతుంది, తెలుసా? నటులకి తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియాలి కాబట్టి స్టేజీ చప్పుళ్లు మేకప్ గదుల్లో స్పీకర్లలో వస్తుంటాయి. హాలంత మూలుగు అక్కడికి చేరకుండా ఉంటుందా? అక్కడొకడు నెలల తరబడి నేర్చుకున్నది జీవితంలో ఒక్కసారి చూపించబోతూ, చొక్కా గుండీ పెట్టుకుంటూ ఉంటాడు. వాడికి మొట్టమొదట వినపడేది వెయ్యిమంది "నువ్వా?" అని మూలగడం. పెళ్లిలో వడ్డించేవాడి మొహం మీద కూడా మనం అలా అనం కదా! ఛీ, ఏం మనుషులం మనం? వాడేం దొంగతనం చేశాడు? మన హీరో మంచం మీద పడుకుంటే వాడు లేచి నిలబడ్డాడు, అదా నేరం?

సరే, కోపం వద్దు. అండర్‌స్టడీలని గౌరవించే సందర్భం కూడా ఒకటుంది. 1954లో 'ద పజామా గేమ్'లో కెరోల్ హేనీ కాలు దెబ్బతింటే ఆమె బదులు ఒక కోరస్ అమ్మాయి వేసింది, హాల్లో ఒక హాలీవుడ్ నిర్మాత ఉన్నాడు, ఆ అమ్మాయి షర్లీ మెక్‌లేన్ అయింది. ఈ కథ అందరికీ ఇష్టం. ఎందుకు ఇష్టమో కూడా చూడండి, ఆమె అండర్‌స్టడీగా మిగిలిపోలేదు కాబట్టి. స్టార్ అయింది కాబట్టి ఇప్పుడామె రాకపోతే హాయిగా మూలగొచ్చు. బతుకంతా వేరేవాళ్ల వేషాలు వేసి పదిహేను షోలు నిలబెట్టి రిటైరైనవాళ్లకి కథల్లేవు. కూరలో కరివేపాకు లేకపోతే ఘాటు లేదంటాం, ఉంటే ఏరి కంచం అంచున పెడతాం.

తమాషా ఏంటంటే, మా బావమరిది ఎవరి మనవడనుకున్నారు? వాళ్ల తాతగారు తెనాలి చుట్టుపక్కల కాంట్రాక్టు నాటకం ఎక్కడున్నా చలిలో దుప్పటి కప్పుకుని వెళ్లి తెల్లారేదాకా చూసిన మనిషి. ఆ నాటకాల్లో ఒక్క రాత్రి కృష్ణుడి వేషం ముగ్గురేసేవాళ్లు. పడక సీనులో ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. మధ్యలో కృష్ణుడు పొట్టివాడై, లావై, గొంతు మారి వచ్చినా జనం పద్యం విని వన్స్‌మోర్ అన్నారే తప్ప, నా కృష్ణుడేడీ, నా డబ్బులిచ్చెయ్ అనలేదు. పీసపాటి, షణ్ముఖి లాంటి పెద్ద నటుల పేర్లు చెబితే బళ్లు కట్టుకుని వెళ్లిన మాట నిజమే, వాళ్లకీ స్టార్ల పిచ్చి ఉంది, కాదనను. కానీ ఎవరో కొత్త కుర్రాడు మూడో కృష్ణుడిగా వచ్చి రాగం లాగి కూర్చోబెడితే వాడికీ వన్స్‌మోర్ దక్కేది.

తెర లేచింది. మొదటి సీన్లో ఆయన (అంటే ఆ ఫలానా నటుడు, రోజూ వేసే వేషం మానేసి వచ్చినవాడు) టీ కప్పు ఎత్తితే సాసర్ మీద టకటకమని చప్పుడైంది. నాలుగో వరస దాకా వినపడింది. ఎదురుగా కూర్చున్న నటి మాట్లాడుతూ మాట్లాడుతూనే, అదీ నాటకంలో భాగమే అన్నట్టు, చెయ్యి చాపి ఆ సాసర్ పట్టుకుంది. చప్పుడు ఆగింది. పదిహేను నిమిషాల తర్వాత హాల్లో దగ్గులు కూడా ఆగాయి. రెండో అంకంలో కూతురితో మాట్లాడే సీన్ ఒకటుంది, అక్కడ మావాడు ముక్కు ఎగబీల్చడం నేను స్పష్టంగా విన్నాను. ఏడుస్తున్నావా అన్నాను.

"ఆయనైతే ఇంకా బాగా ఏడిపించేవాడు బావా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

చివర్లో అందరూ చేతులు పట్టుకుని వంగి దణ్ణాలు పెట్టాక, మిగతా నటులు ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేసి ఆయన్ని ఒంటరిగా ముందుకి వదిలేశారు. ఆయన వెనక్కి తిరిగి వాళ్ల కోసం చూశాడు. హాలంతా లేచి నిలబడింది. మూలిగినవాళ్లే. మావాడు మాత్రం లేవలేదు, కోటు వెతుక్కుంటున్నాడు, స్టేజ్ డోర్ దగ్గర ముందు వరసలో నిలబడాలి కదా. ఆయన రాలేదురా అన్నా వినడే. ఏమో బావా, కారులోనైనా వస్తాడేమో అన్నాడు.

బయట బారికేడ్ దగ్గర పది మంది కూడా లేరు. కాసేపటికి తలుపు తీసుకుని బ్యాక్‌ప్యాక్ వేసుకున్న ఒక మనిషి వచ్చాడు, చెవి వెనక ఇంకా మేకప్ తుడిచిన మరక. మావాడు ఆయన్ని ఆపి, ఎంతో మర్యాదగా, స్టార్ గారు ఈరోజు వస్తారా అని అడిగాడు. ఆయన ఆగి, లేదండీ, ఆయనకి ఒంట్లో బాగోలేదు, వచ్చే వారం వస్తారనుకుంటా అని, అంతే మర్యాదగా చెప్పి సబ్‌వే వైపు వెళ్లిపోయాడు.

"మంచివాడు బావా" అన్నాడు. "సెక్యూరిటీ అనుకుంటా."

చెప్పాను, ఇప్పటిదాకా నువ్వు చూసి ఏడ్చింది ఆయన్నేరా అని. నమ్మలేదు. ఇందాకటి చీటీ చూపించు, పేరు చూద్దాం అన్నాను. జేబులోంచి తీశాడు. అందులో చూయింగ్‌గమ్ చుట్టి ఉంది.

రైలెక్కేలోపు ప్లేబిల్ మీద స్టార్ బొమ్మ పక్కన తన మొహం పెట్టి దిగిన ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. న్యూవార్క్ దాటేసరికి గుంటూరు నుంచి మా అత్తగారు లేచి మెసేజ్ పెట్టారు: "దగ్గరగా చూశావా నాన్నా? ఎలా ఉన్నాడు?"

మావాడు కాసేపు ఆలోచించి కొట్టాడు: "సినిమాలో కంటే కొంచెం పొట్టి అమ్మా. కానీ బాగా చేశాడు."