‘ఫోన్ ఉంటే చాలు, డైరెక్టర్ అయిపోవచ్చు’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఈ మధ్య ఒకటే సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: డైరెక్టర్ కావాలంటే ఎవరి దగ్గరా అసిస్టెంట్‌గా చేయక్కర్లేదు, అదంతా వెట్టిచాకిరి. ఫోన్‌తో ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తే నిర్మాతే వెతుక్కుంటూ వస్తాడు. ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్లు ఉండే కృష్ణానగర్‌లో దిగితేనే కసి పుడుతుంది. కథ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, కొట్టేస్తారు. ఎంత చేసినా అవకాశాలు వారసులకే. (ఆ చివరి ముక్క నిజమైతే మిగతా సలహాలు ఎందుకో!) నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాణ్ని. ఇది చదివి ఇంట్లో గొడవపడి బ్యాగు సర్దుకునే కుర్రాళ్లు కనిపిస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ వెట్టిచాకిరి సంగతి. క్యారవాన్ దగ్గర పడిగాపులు, అందరి ముందూ తిట్లు తినడం ఉన్నమాటే. కానీ పని అంతే కాదు. సినిమాను వరుసగా తీయరు కదా. హీరో గుమ్మం బయట చెప్పులు విప్పే షాట్ ఇవాళ ఊళ్లో తీస్తే, లోపలికి అడుగుపెట్టే షాట్ రెండు నెలల తర్వాత హైదరాబాద్‌లో సెట్ వేసి తీస్తారు. ఆ రోజు చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టాడు, వాచీ ఏ చేతికి ఉంది, మొహాన చెమట ఉందా లేదా, ముందు ఏ కాలు లోపల పెట్టాలి... ఇదంతా రాసిపెట్టుకునేది కంటిన్యుటీ చూసే అసిస్టెంటే. అది తప్పితే ఎడిటింగ్‌లో ఆ రెండు షాట్లూ అతకవు. రోజూ ఇది రాస్తుంటే ఏ షాట్ పక్కన ఏది పడుతుందో తలలోనే కట్ అవుతూ ఉంటుంది. ఇక సాయంత్రం వెలుతురు పోతోంది, ఆర్టిస్టు కాల్షీట్ (మనకిచ్చిన టైము) అయిపోతోంది, ఇంకా మూడు షాట్లు మిగిలాయి. వాటిలో దేన్ని వదిలేస్తే సీను దెబ్బతినదు? దీన్ని ఏ ట్యుటోరియలూ చెప్పదు, డైరెక్టర్ పక్కన నిలబడి చూడాల్సిందే.

కాకినాడలో లెక్కలు చెప్పిన సుకుమార్, వి.వి. వినాయక్ దగ్గర చేశాకే 2004లో తొలి సినిమా తీశారు. సుకుమార్ దగ్గర చేసిన బుచ్చిబాబు సానా 2021లో, శ్రీకాంత్ ఓదెల 2023లో డైరెక్టర్లుగా పరిచయమయ్యారు. శేఖర్ కమ్ముల దగ్గర నాగ్ అశ్విన్ కూడా అంతే. అలాగని ఎక్కడ చేరినా ఒకటే అనుకోవద్దు. అసిస్టెంట్లే గుంపుగా ఉండే పెద్ద సినిమాలో జనాన్ని అదుపు చేయడంతోనే రోజు గడిచిపోవచ్చు. చిన్న సినిమాలో అన్నీ మన నెత్తిన పడతాయి. అడిగితే నేను చిన్న సినిమాకే ఓటేస్తాను.

షార్ట్ ఫిల్మ్ దారి అబద్ధం కాదు. సుజీత్, తరుణ్ భాస్కర్ అలా వచ్చినవాళ్లే. కానీ ‘ఒక్కటి తీస్తే చాలు’ అన్నది అబద్ధం. వాళ్లిద్దరూ ఒక్కదానితో ఆగలేదు, ఒకదాని తర్వాత ఒకటి తీస్తూ చేయి తిరిగినవాళ్లయ్యారు. పైగా షార్ట్ ఫిల్మ్ బాగుంటే నిర్మాత అనేది ‘సరే, కథ చెప్పు’ అని మాత్రమే. అప్పుడు రెండు గంటలు నేరేషన్ ఇవ్వాలి. ఫస్టాఫ్ గడగడా చెప్పేసి, ‘ఇంటర్వెల్ బ్యాంగ్ (విశ్రాంతి ముందు వచ్చే పెద్ద మలుపు) ఏంటి?’ అనగానే నీళ్లు నమిలినవాళ్లను చూశాను.

ఉద్యోగం మానేయమనే సలహా మాత్రం ప్రమాదకరం. కొత్త అసిస్టెంటుకు చాలా చోట్ల జీతం నామమాత్రం, కొన్నిచోట్ల భోజనం, బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు)తో సరి. షూటింగ్ ఆగితే అదీ ఉండదు. నేను చేసిన ఒక సినిమా సగంలో ఆగిపోయింది, రావాల్సిన డబ్బు అడిగితే ‘మళ్లీ మొదలవుతుందిలే బ్రదర్’ అన్నారు. మొదలవలేదు. రూం అద్దె టెన్షన్‌లో కథ రాయడం ఎవరివల్లా కాదు. శేఖర్ కమ్ముల అమెరికాలో ఉద్యోగం చేసి, హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని, ఆ తర్వాత 2000లో తొలి సినిమా తెచ్చారు. దానికి కొత్త దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఉద్యోగం చేసినంత మాత్రాన కసి చచ్చిపోలేదు మరి. కొన్ని నెలల ఖర్చులకు డబ్బు దాచుకున్నాకే రండి.

వారసుల మాట హీరోల విషయంలో చాలావరకు నిజం. డైరెక్షన్‌లో పైన చెప్పిన పేర్లే జవాబు. రాజమౌళి రచయిత కొడుకే, కాదనను. ఆయన కూడా ఎడిటింగ్ రూంలో అసిస్టెంట్‌గా చేసి, టీవీ సీరియల్ తీసి, 2001లో సినిమాకు వచ్చారు.

ఇక కథ కొట్టేస్తారనే భయం. అలా జరగదని చెప్పను. కానీ దానికి మందు నోరు మూసుకోవడం కాదు, కూర్చుని రాయడం. కాపీరైట్ చట్టం ఐడియాను కాపాడదు, రాసిన రూపాన్నే కాపాడుతుంది. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఆయన ఓడిపోయారు. కాబట్టి టీకొట్టు దగ్గర చెప్పిన లైన్ నాదేనని ఎక్కడా నిరూపించలేరు. సీన్లు, డైలాగులతో సహా స్క్రిప్టు పూర్తిచేసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. ఎవరికి ఏ రోజు చెప్పారో ఒక మెయిల్ పెట్టి ఉంచండి. నిర్మాత కన్నా ముందు తోటి అసిస్టెంట్లకు చెప్పి చూడండి. వాళ్లు ఎక్కడ ఫోన్ తీసి చూస్తారో గుర్తుపెట్టుకుని, ఆ రాత్రే ఆ సీను మళ్లీ రాయండి.